ఉస్తాద్ గునియా పెట్టిన గిటారు

మా పక్కింటి పిల్ల ఈ మధ్య గిటారు నేర్చుకుంటోంది. తీగ మీటే ముందు ఫోను తీసి ఎదురుగా నిలబెడుతుంది. ఫోనులో ఒక ముల్లు అటు ఊగి ఇటు ఊగి మధ్యలో ఆగుతుంది. ఆగిందంటే శ్రుతి కుదిరినట్టు. చూస్తుంటే నాకు ముచ్చటేస్తుంది, కొంచెం కడుపుమంట కూడా. మా రోజుల్లో ఆ ముల్లు చేసే పనికి ఒక రైసు మిల్లు, ఒక జనరేటరు, ఒక బ్యాండు మేళం, ఇద్దరు మొండి పెద్దమనుషులు కావలసి వచ్చారు. అంతమంది ఉండి కూడా పెళ్లి పరువు పోయినంత పనైంది.

నేను సంగీతం తెలిసినవాణ్ణి కాను. ఆయిల్ ఇంజన్ల ఫిట్టర్ని. నా చేతుల్లో వేల నట్లు బిగిశాయి గాని ఒక్క రాగం పలకలేదు. అయితే ఆ గిటారు చెడిపోయిన రోజు నేను అక్కడే ఉన్నాను, బాగైన రోజూ అక్కడే ఉన్నాను. రెండు రోజులూ నా చేతిలో నూనె గుడ్డ తప్ప మరేమీ లేదు. ఈ కథ చెప్పడానికి నాకున్న అర్హత అంతే.

ఆంధ్రప్రదేశ్ వచ్చి పదేళ్లు కావస్తున్న రోజులవి. కరీంనగర్‌లో బస్టాండుకు పోయే దారిలో మా వర్క్‌షాపు ఉండేది. బావుల్లోంచి నీళ్లు తోడే ఇంజన్లు, రైసు మిల్లుల ఇంజన్లు ఎడ్లబండ్ల మీద మా దగ్గరికి వచ్చేవి. కొన్ని దగ్గుతూ వచ్చేవి, కొన్ని పూర్తిగా చచ్చి వచ్చేవి. వాటికి ప్రాణం పోసేవాడు మా ఉస్తాద్. ఓనరూ ఆయనే, పెద్ద మేస్త్రీ ఆయనే. నడిచే ఇంజనుకు స్క్రూలు తిప్పే పెద్ద పేచ్‌కస్ మొన ఆనించి, దాని పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. డాక్టరు గొట్టం పెట్టి విన్నట్టు వినేవాడు. "లోపల బేరింగు ఏడుస్తున్నది" అనేవాడు. విప్పితే నిజంగా బేరింగే.

ఆయన చెవికి తిరుగు లేదు. కంటికి మాత్రం ఒక జబ్బు ఉండేది. వంకర చూడలేడు. గోడ మీద క్యాలెండరు ఒక వైపు ఒరిగితే దాన్ని సర్దేదాకా చాయ్ ముట్టడు. జేబులో ఎప్పుడూ ఒక గునియా ఉండేది. రెండు ఇనుప బద్దలను మూలగా కలిపిన పనిముట్టు అది, దేనికి ఆనించినా అది సరిగ్గా ఉందో వంకరగా ఉందో ఇట్టే చెప్పేస్తుంది. ఒకసారి ఎవరిదో పెళ్లికి పోయి, పెళ్లికొడుకు తలపాగా పక్కకు ఒరిగిందని పందిట్లోకి వెళ్లి నిటారుగా సర్ది వచ్చాడు. పెళ్లికొడుకు దాన్ని షోకు కోసం అట్లా ఒరగబెట్టుకున్నాడని తర్వాత తెలిసింది. ఉస్తాద్ ఏమీ సిగ్గుపడలేదు, షోకైనా సీదాగా ఉండాలన్నాడు.

మా పక్క దుకాణం బ్యాండు మేళం వాళ్లది. మేళానికి పెద్ద, మేమందరం మాస్టర్ అని పిలిచే ఆయన, క్లారినెట్ వాయించేవాడు. ఇత్తడి గుండీల కోటు వేసుకుని అద్దంలో చూసుకుంటే ఆయనకు తాను ఏదో సంస్థానానికి సేనాపతినన్న నమ్మకం కలిగేది. ఊరేగింపుల్లో గ్యాసు లైట్లు పోయి కరెంటు లైట్లు వస్తున్న కాలం కాబట్టి మేళం ఎక్కడికి పోతే అక్కడికి మా జనరేటరు ఎడ్లబండి మీద పోయేది. దాని వెనక నేను.

ఆ మాస్టర్‌కు ఒక ఎలక్ట్రిక్ గిటారు దొరికింది. బెల్లంపల్లి బొగ్గు బావుల దగ్గర పనిచేసిన ఒక తెల్లదొర దేశం వదిలిపోతూ దాన్ని ఈయనకు ఇచ్చాడు. మాస్టర్ దాన్ని రైల్లో, తర్వాత బస్సులో, పసిపిల్లలా ఒళ్లో కూచోబెట్టుకుని తెచ్చాడు. పొట్ట బోలుగా ఉండి, తీగల కింద ఒక అయస్కాంతపు పెట్టె బిగించి ఉండేది. ఆ పెట్టె తీగ మోతను పట్టి వైరు గుండా ఆంప్లిఫయర్‌కు పంపేది. అప్పటికి కరీంనగర్ మేళాల్లో మరెవరి దగ్గరా అట్లాంటిది లేదు. మాస్టర్ నడకలో మార్పు వచ్చింది. పక్క మేళాల వాళ్లు నమస్కారం పెడితే ఒక చెయ్యే ఎత్తడం మొదలుపెట్టాడు.

వాయించడానికి సిరిసిల్ల నుంచి ఒక పిల్లగాడు వచ్చాడు. పిల్లగాడంటే మరీ పిల్లవాడు కాదు, నాకంటే రెండు మూడేళ్లు చిన్న, అందుకని నేనట్లా పిలిచేవాణ్ణి. నేత కుటుంబం. భజనల్లో తీగలూ మీటలూ ఉన్న బుల్‌బుల్ వాయిస్తూ, దొరికిన తీగల వాయిద్యమల్లా పట్టి నేర్చుకున్నాడు. వాళ్ల ఇంట్లో సాంచె నడిచేది. సిరిసిల్లలో కరెంటు మగ్గాన్ని సాంచె అంటారు. దాని చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడదు, చేతులతో సైగలు చేసుకోవాలి. ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాడికి ఒక్క తీగ మోత ఎంత తియ్యగా ఉంటుందో వాడి మొహం చూసే నేను తెలుసుకున్నాను.

తండ్రికి ఇది బొత్తిగా ఇష్టం లేదు. కొడుకు కోసమని కష్టపడి రెండో సాంచె తెచ్చి పెట్టుకున్న మనిషి ఆయన. ఒకరోజు కరీంనగర్ వచ్చి, మేళం దుకాణం అరుగు మీద కూచుని, అందరూ వింటుండగా కొడుకుతో తేల్చి చెప్పాడు.

"మాఘమాసం దాక సూస్త. మీ మేళం ఒప్పుకున్న హుజూరాబాద్ పెండ్లికి నేనొస్త. నా కండ్ల ముంగట వాయించు. నలుగురు మెచ్చితె నీ తొవ్వ నీది, నేను అడ్డం రాను. లేకుంటె అటు నుంచి అటే నా ఎంబడి సిరిసిల్లకు రావాలె. సాంచె ఖాళీగున్నది."

"సరే బాపూ," అన్నాడు పిల్లగాడు. అప్పటికి వాడి ధైర్యానికి కారణం ఉంది. గిటారు బాగా పలుకుతోంది, వాడు బాగా వాయిస్తున్నాడు.

తర్వాత దసరా వచ్చింది. మా కొంప ముంచింది ఆ పండగే.

దసరా నాడు పనిముట్లకు పూజ చేయడం మా వర్క్‌షాపు ఆచారం. ఉస్తాద్ ముసల్మాను, అయినా పండగ ఏనాడూ ఆపనివ్వలేదు. పూజ మాది, బూందీ లడ్డూలు ఆయనవి, సరిగ్గా కడిగామా లేదా అన్న తనిఖీ కూడా ఆయనదే. దాంట్లో ఆయన పెట్టిన నియమం ఒకటుంది. విప్పగలిగింది ఏదైనా సరే పూర్తిగా విప్పి, కడిగి, నూనె పెట్టి, మళ్లీ బిగించాకే బొట్టు పెట్టాలి. పైపైన తుడిచి కుంకుమ పెడితే ఊరుకునేవాడు కాదు. ఆ ఏడు పక్క దుకాణం మేళం వాళ్లు కూడా మా పూజలో కలిశారు. డోళ్ల తాళ్లు ఊడదీశారు, క్లారినెట్‌ను ముక్కలు చేసి గుడ్డ మీద పరిచారు. గిటారు వంతు వచ్చింది. పిల్లగాడు తీగలు వదులు చేశాడు. చేయగానే ఒక చిన్న చెక్క ముక్క ఊడి వాడి చేతిలో పడింది.

ఆ చెక్క మీదే తీగలన్నీ ఎక్కి పోతాయి. వీణ వాళ్లు దాన్ని గుర్రం అంటారు, మేమూ అదే పేరు పెట్టుకున్నాం. దానికి మేకు లేదు, బంక లేదు. తీగల బిగువు ఉన్నంతసేపు నిలబడుతుంది, బిగువు పోతే ఊడిపోతుంది. ఆ సంగతి మా ఎవరికీ తెలియదు. పిల్లగాడి మొహం పాలిపోయింది. ఉస్తాద్ మాత్రం గిటారు పొట్ట వైపు చూస్తున్నాడు. గుర్రం ఇన్నేళ్లు కూచున్న చోట రంగు మాయక లేత మరక ఒకటి మిగిలింది. ఆ మరక ఏటవాలుగా ఉంది.

"హాయ్ అల్లా," అన్నాడు ఉస్తాద్. "గిన్నేండ్లు గిట్ల వంకరగ ఉన్నదా ఇది? దొర మనిషి, గీ జర పని చూసుకోలే?"

"ఇగ ఏం చేద్దాం ఉస్తాద్?" అన్నాడు మాస్టర్.

"ఏం ఫికర్ చేయకు. నేనున్న గద."

సన్న తీగల వైపు మరక ఉన్న చోటే ఉంచి, అక్కడి నుంచి గునియా పెట్టి సీదాగా ఒక గీత గీశాడు. చేతి బర్మాతో రెండు బెజ్జాలు వేశాడు. ఇత్తడి స్క్రూలు రెండు తెచ్చి గుర్రాన్ని జన్మలో కదలకుండా బిగించాడు. తర్వాత ఆ వంకర మరకను పాలిష్ పెట్టి నాతోనే రుద్ది రుద్ది తుడిపించాడు. మేమందరం చప్పట్లు కొట్టాం. మీరు అక్కడుంటే మీరూ కొట్టేవారు. అంత అందంగా చేశాడు. గిటారుకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, లడ్డూలు తిన్నాం.

గిటారు ప్రాణం ఆ రెండు స్క్రూల దగ్గర పోయిందని మాకేం తెలుసు. దొడ్డు తీగకు సన్న తీగ కంటే కొంచెం ఎక్కువ నిడివి కావాలి. అందుకే గుర్రాన్ని తెలిసినవాళ్లు ఏటవాలుగా నిలబెడతారు. దొర సోమరితనం వల్ల వంకర కాలేదు, వంకరగా ఉండటమే దాని పని. ఈ ముక్క ఇప్పుడు పక్కింటి పిల్ల కూడా చెప్తుంది. మా వర్క్‌షాపులో పుట్టిన బుర్రలకు సీదాగా చేసిన పని తప్పయ్యే వీలుందన్న ఆలోచనే రాలేదు.

మర్నాటి నుంచి గిటారు తేడాగా పలకడం మొదలైంది. ఖాళీ తీగ మీటితే బాగానే ఉండేది. గిటారు మెడ మీది ఇనుప మెట్లపై వేలు పెట్టి పైకి పోయేకొద్దీ దొడ్డు తీగలు ఉండాల్సిన దానికంటే ఎక్కువ శ్రుతిలో పలికేవి. పాట మొదట్లో అందరూ కలిసి నడిచేవారు, సగానికి వచ్చేసరికి గిటారు ఒక్కటే గట్టు దిగి చేన్లో పడేది. మాస్టర్ పళ్లు కొరుక్కుంటూ క్లారినెట్ ఊదేవాడు. పళ్లు కొరుకుతూ క్లారినెట్ ఊదడం ఎంత కష్టమో ఆయన మొహమే చెప్పేది.

ముందు తప్పు నా మీదికి వచ్చింది.

"తమ్మీ, నీ ఇంజను ఉరుకుతున్నది," అన్నాడు మాస్టర్. "అది ఉరికితె సౌండు గూడ దానెంబడి ఉరుకుతది. జర దాని నోరు కట్టు."

ఇంజను వేగానికీ గిటారు శ్రుతికీ ఏ సంబంధమూ లేదు. ఆ మాట చెప్పేవాళ్లు లేరు, పైగా నేనే నమ్మాను. హుస్నాబాద్‌లో ఒక ఊరేగింపులో ఇంజను వేగం తగ్గిస్తూ పోయాను. లైట్లు మసకబారాయి. పెళ్లికొడుకు మేనమామ మోరీ కాలవలో కాలు పెట్టి కొత్త పంచెతో సహా కూలబడ్డాడు. గిటారు మాత్రం ఎప్పటిలాగే పలికింది. మేనమామ నన్ను తిట్టిన తిట్లు అచ్చులో పెట్టేవి కావు.

తర్వాత తీగలు మార్చారు. దిష్టి తీశారు. గిటారు మెడకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు, అవి ఊగి తీగలకు తగిలి ఇంకో రకం చప్పుడు వచ్చింది. ఇవన్నీ అయ్యాక మిగిలింది ఒక్కటే, పిల్లగాడి వేళ్లు. తప్పు వాటిదే అని అందరూ తీర్మానించారు. ఉస్తాద్ కూడా ప్రేమగానే చెప్పాడు.

"వేలు సీదాగ పెట్టు బేటా. చేతుల సీదాతనం లేకుంటె మిషిను ఏం చేస్తది?"

వాడు ఆ మాట నమ్మాడు. పొద్దున లేచింది మొదలు మెట్ల మీద వేళ్లు నొక్కి నొక్కి కొనలు కాయలు కాచాయి. నొక్కేకొద్దీ తీగ మరింత ఎక్కువ పలికేది. దసరాకు ముందు ఇదే చేత్తో బాగా వాయించాడు కదా అని ఒక్కరికీ తోచలేదు, వాడికీ తోచలేదు. తనకు విద్య ఇంతవరకే రాసిపెట్టి ఉందేమో అన్నాడు ఒకరోజు నాతో. నాకు చాలా బాధేసింది. ఏం చెప్పాలో తెలియక చాయ్ తాగించాను.

మాఘమాసం వచ్చింది. హుజూరాబాద్‌లో మేళం ముందే ఒప్పుకున్న, రైసు మిల్లు యజమాని బిడ్డ పెళ్లి. మిల్లు ఆవరణలోనే పందిరి వేశారు. ఆ మిల్లు ఇంజను మా ఉస్తాద్ చేతి మీద నడిచేది కాబట్టి ఆయనకు ప్రత్యేకంగా పిలుపు వచ్చింది. నల్ల షేర్వానీ వేసుకుని, అత్తరు పూసుకుని, జేబులో గునియా పెట్టుకుని వచ్చాడు. షేర్వానీ జేబులో పేచ్‌కస్ కూడా ఉంది. పెళ్లికి పేచ్‌కస్ ఎందుకని అడిగితే, దుకాణంలో పెట్టి వస్తే తోచదన్నాడు.

పొద్దున పదకొండు దాటాక పెళ్లికొడుకు వాళ్లు ఊరి బయట దిగుతారు. వాళ్లకు ఎదురుపోయి వాయిస్తూ మిల్లు దాకా తీసుకురావాలి. దానికి ముందు ధాన్యం బస్తాలు పేర్చిన కొట్టంలో ఒకసారి వాయించి చూసుకుందామన్నాడు మాస్టర్. నేను జనరేటరు నడిపి ఆంప్లిఫయర్‌కు వైరు కలిపాను. అప్పుడే పిల్లగాడి తండ్రి వచ్చాడు. బక్కపలచని మనిషి, భుజాన తువాల, చేతిలో చిన్న మూట. ఎవరినీ పలకరించకుండా బస్తాలకు ఆనుకుని నిలబడ్డాడు.

పాట మొదలైంది. సగం దాకా బాగుంది. సగం నుంచి దొడ్డు తీగలు ఎప్పటిలాగే గట్టు దిగాయి. మాస్టర్ చెయ్యి ఎత్తి అందరినీ ఆపాడు. నేను జనరేటరు ఆపాను.

"ఇగ అయ్యేటట్టు లేదు," అన్నాడు మాస్టర్. కోపంగా అనలేదు, అలసిపోయి అన్నాడు. "పెద్దింటి పెండ్లి. నవ్వులపాలైతం. గిటారు గుడ్డల సుట్టి పెట్టు బిడ్డా. నా క్లారినెట్టుతోటే నడుపుత."

పిల్లగాడు తల దించుకున్నాడు. తండ్రి మెల్లగా దగ్గరికి వచ్చాడు.

"పోదామా?" అన్నాడు.

"పోదాం బాపూ. నా చేతులల్ల విద్యనే లేదు."

తండ్రి మొహంలో గెలిచిన సంతోషం కనపడుతుందేమో అని చూశాను. కనపడలేదు. కొడుకు గుడ్డ వెతుకుతుంటే గిటారు తానే అందుకున్నాడు, గుడ్డలో చుట్టడానికి. చుట్టబోతూ అలవాటు కొద్దీ తీగల మీద అడ్డంగా వేళ్లు పోనిచ్చాడు, మగ్గం మీది పడుగు పోగులపై పోనిచ్చినట్టు. చెయ్యి ఆగింది. మళ్లీ పోనిచ్చాడు. దొడ్డు తీగను గోటితో నొక్కి చూశాడు, సన్న తీగను నొక్కి చూశాడు. తర్వాత కళ్లు గుర్రం మీద పడ్డాయి.

"ఇది గిట్ల ఎవలు కట్టిండ్రు?" అన్నాడు.

మాస్టర్ క్లారినెట్ గొట్టంలోకి ఒక కన్ను పెట్టి చూడసాగాడు. నేను ఆగిపోయి ఉన్న జనరేటరును చాలా శ్రద్ధగా పరిశీలించాను. ఎవరి పని గురించి అడుగుతున్నాడో ఆయనకు తెలియదు. తెలిసిన మాకు ఉస్తాద్ పేరు చెప్పే ధైర్యం లేదు.

"నేనే కట్టిన," అన్నాడు ఉస్తాద్ ముందుకొచ్చి. "ఏం, వంకరున్నదా?"

"లేదు సాబ్. సీదాగనే ఉన్నది. గదే చెడగొట్టింది."

ఉస్తాద్‌తో అట్లా మాట్లాడిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. ఆయన కాసేపు ఆ మాట తనకే చెప్పారా అన్నట్టు చూశాడు.

"సీదా ఉన్నది చెడగొట్టుడేంది భాయ్?"

"గీ తీగ జూడుండ్రి, దొడ్డుది. గిది సన్నది. రెంటికీ ఒక్కటే నిడివి ఇచ్చిండ్రు. మేము చీర అంచుకు దొడ్డు పోగు పెడితె, దానికి వేరే పడుగు ఇడుస్తం, జర ఎక్కువ నిడివి ఇస్తం. సన్న పోగుతోని సమానం కడితె అంచు గుంజుకపోతది. చీరంత ముడుతలు పడతది."

"ఇది చీర గాదు గద."

"గాదు. గని గుంజుడు గుంజుడే గద సాబ్."

"అంటె పోగు సీదాగ ఉండొద్దంటవా?"

"బట్ట సీదాగ రావాలె. పోగు ఎట్లుంటె బట్ట సీదాగ వస్తదో అట్ల పెట్టుకోవాలె."

ఉస్తాద్ షేర్వానీ జేబులోంచి పేచ్‌కస్ తీశాడు. దాని మొన గిటారు పొట్టకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"మీటు బేటా," అన్నాడు.

పిల్లగాడు సన్న తీగ ఖాళీగా మీటాడు. తర్వాత తీగకు సరిగ్గా సగం దూరంలో ఉన్న మెట్టు మీద వేలు పెట్టి మీటాడు. అక్కడ అదే స్వరం పైస్థాయిలో పలకాలి. పలికింది. ఉస్తాద్ తలూపాడు. దొడ్డు తీగ మీటమన్నాడు. ఖాళీగా మీటాడు, సగం దగ్గర మీటాడు. ఉస్తాద్ కనుబొమలు ముడిపడ్డాయి. మళ్లీ మీటమన్నాడు. మళ్లీ విన్నాడు.

"ఏడుస్తున్నది," అన్నాడు, బేరింగు గురించి చెప్పే గొంతుతోనే.

చెవి దగ్గరి నుంచి పేచ్‌కస్ తీసి, దాని మొనను తాను బిగించిన స్క్రూలోనే పెట్టి తిప్పాడు. ఒకటి ఊడింది. రెండోది జన్మలో ఊడకూడదని బిగించినది కదా, పంటి బిగువున తిప్పాల్సి వచ్చింది. సాయం పట్టబోతే నన్ను పక్కకు జరగమన్నాడు. రెండు స్క్రూలూ అరచేతిలో పెట్టుకుని ఒక్క క్షణం చూసి జేబులో వేసుకున్నాడు.

ఆ తర్వాత జరిగిన పని చెప్తే మీకు నవ్వొస్తుంది. తీగలు కాస్త వదులు చేయడం, గుర్రం దొడ్డు వైపు కొసను వెనక్కి జరపడం, తీగలు బిగించడం, మీటడం, వినడం. రైసు మిల్లులో ఉన్నాం కాబట్టి కొలత కూడా అక్కడిదే. "ఇంకో బియ్యపు గింజంత" అని తండ్రి అనేవాడు, "గింజ ఎక్కువ, నూక చాలు" అని ఉస్తాద్ అనేవాడు. మధ్యలో ఇద్దరూ నూక పెద్దదా చిన్నదా అని కొట్లాడుకున్నారు. పెళ్లివారి మనిషి వచ్చి పెళ్లికొడుకు బస్సు దిగాడని చెప్పాడు. ఎవరూ అతని దిక్కు చూడలేదు. మాస్టర్ ఒక్కడే కోటు గుండీలు పెట్టుకుంటూ తీసుకుంటూ, లోపల్లోపల దేవుళ్లందరినీ పిలుస్తూ తిరిగాడు.

చివరికి దొడ్డు తీగ రెండు చోట్లా ఒకే స్వరం పలికింది. పిల్లగాడు మధ్య తీగలు కూడా మీటి చూశాడు. అన్నీ దారికి వచ్చాయి. వాడు పైకి చూసినప్పుడు వాడి కళ్లల్లో నీళ్లున్నాయి. ఇన్నాళ్లు తన చేతులను తాను తిట్టుకున్నవాడు ఆ చేతులను ముందుకు చాచి చూసుకున్నాడు.

గుర్రం మాత్రం దసరాకు ముందు దొర దగ్గర ఉన్నట్టే, బహుశా ఇంకొంచెం ఎక్కువే, వంకరగా నిలబడింది. ఉస్తాద్ దాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు.

"దీని మీద దస్తీ ఏదన్న కప్పుండ్రి," అన్నాడు. "వింట గని, చూడలేను."

ఊరేగింపు కదిలింది. ఆ రోజు ఏదో అద్భుతం జరిగిందని నేను చెప్పను. పాట పాటలాగా నడిచింది, గిటారు గట్టు దిగలేదు. పెళ్లికొడుకు దోస్తులు ఆడారు. ఒక ముసలాయన ఆగి, తల ఒక పక్కకు పెట్టి విని, అదే పాట మళ్లీ వాయించమన్నాడు. మాస్టర్ రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టడం చాలా రోజుల తర్వాత చూశాను. నా జనరేటరు గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇంజను పనివాడికి అంతకంటే పెద్ద సన్మానం ఉండదు.

పిల్లగాడి తండ్రి మా ఎడ్లబండి పక్కన నడుస్తూ వచ్చాడు. కొడుకునే చూస్తున్నాడు. నాకు నోరు ఊరుకోదు. అడిగేశాను.

"కాకా, మీరు ఒక్క మాట చెప్పకుంటె అయిపోతుండె. పిల్లగాడు మీ ఎంబడి వచ్చేటోడే గద?"

"వచ్చేటోడే."

"మరి ఎందుకు చెప్పిండ్రు?"

"తప్పు కనబడ్డంక ఊకె ఎట్ల ఉంటం తమ్మీ," అన్నాడు. తర్వాత తువాలతో మొహం తుడుచుకుని, "వాని చేతులల్ల తప్పు లేదాయె," అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన ఒక్కడే బస్సెక్కాడు. ఎక్కేముందు మూట విప్పి కొడుక్కు రెండు కొత్త చొక్కాలు ఇచ్చాడు. వాణ్ణి తీసుకుపోవాలని వచ్చిన మనిషి చొక్కాలు ఎందుకు తెచ్చాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కిటికీలోంచి తల బయటపెట్టి ఉస్తాద్‌ను పిలిచాడు.

"సాబ్, మీ గునియా మంచిదే. మా కొత్త సాంచె కాళ్లు సమంగ లెవ్వు, ఊగుతున్నది. వీలైతె ఒకపారి వచ్చి చూడుండ్రి."

ఉస్తాద్ ఆ మాటతో పదేళ్లు చిన్నవాడయ్యాడు. వారం తిరక్కుండానే నన్ను వెంటబెట్టుకుని సిరిసిల్ల పోయాడు. సాంచెకు సీదాగా ఉండటమే కావాలి, అక్కడ ఆయన జబ్బు మందుగా పనిచేసింది. ప్రతి మూలకూ గునియా పెట్టాడు. కాళ్ల కింద రేకులు కొట్టించాడు, బోల్టులన్నీ నాతో బిగింపించాడు. ఆ రోజంతా హాయిగా కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. పని అయ్యాక తండ్రి మీట నొక్కాడు. సాంచె ఊగకుండా, ఒకే తీరుగా నడిచింది. ఆ చప్పుడులో మేము చేతులతో సైగలు చేసుకున్నాం.

ఆయన సాంచె ఆపాడు. చెవులు ఇంకా గింగురుమంటున్నాయి. ఉస్తాద్ గునియా చేతిలో పట్టుకుని ఇల్లంతా ఒకసారి కలియజూశాడు.

"ఇంకేమన్న వంకరున్నదా భాయ్, చెప్పు. వచ్చిన పనిల పని."

తండ్రి సాంచె దగ్గర, కొడుకు నిలబడాల్సిన చోటు దిక్కు చూశాడు.

"లేదు సాబ్," అన్నాడు. "అంత సీదాగనే ఉన్నది."

ఉస్తాద్ గునియా జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు మళ్లీ దాన్ని బయటికి తీయలేదు. తిరుగు బస్సులో మా ఎదురుగా ఉన్న బోర్డు ఒక పక్కకు ఒరిగి, కరీంనగర్ దాకా ఊగుతూనే ఉంది.